బ్రేకర్ల సర్పంచి

నేను ముప్పై రెండో ఏట రిటైరయ్యాను. పింఛను లేదు. శాలువా ఒకటి కప్పారు గానీ, అది అంతకు ముందు వారం మా బడి హెడ్మాస్టరు గారి పదవీ విరమణ సభలో మిగిలిపోయినది. ఐదేళ్ళు సర్పంచిగా చేశాను. తర్వాతి విడతకు మా పంచాయతీ మహిళలకు రిజర్వయింది. కొందరు వచ్చి మా ఆవిడను నిలబెట్టమన్నారు. "ఈయన్ని ఐదేండ్లు చూసినాక కూడానా?" అని ఆమె అడిగింది. మా వంశం రాజకీయ చరిత్ర అక్కడ ముగిసింది.

ఈ మధ్య చుట్టుపక్కల ఊళ్ళ కుర్రవాళ్ళు మా కొట్టు దగ్గరికి వచ్చి, సర్పంచిగా నిలబడాలనుకుంటున్నామనీ, నాలుగు మాటలు చెప్పమనీ అడుగుతున్నారు. ఒక్కొక్కడికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక రాస్తున్నాను. నిధులు ఎలా వస్తాయి, తీర్మానం ఎలా రాయాలి లాంటివి మీ కార్యదర్శి చెబుతాడు. ఆయన చెప్పనివి ఇక్కడ ఉంటాయి.

ఈ పని నాకెలా దొరికింది

మా ఊరు బండగల్లు. కర్నూలు జిల్లా పడమటి అంచున, ఆదోని పోయే పెద్ద రోడ్డు నుంచి మూడు కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. ఊరంతా ఒకటే పొడుగాటి వీధి. వాన పడితే పత్తి, వేరుశనగ. పడకపోతే గుంటూరు పోయి మిరపకాయలు కోసే వలస. ఊళ్ళో రెండు వర్గాలు. వీధి లోపలి చివర లింగప్పది, రోడ్డు వైపు చివర ఉరుకుందప్పది. వాళ్ళ గొడవ ఎందుకు మొదలైందో ఇద్దరికీ గుర్తు లేదు. తప్పు ఎవరిదో మాత్రం ఇద్దరికీ బాగా గుర్తు. మా తాతల కాలంలో కొట్టుకున్నారట. ఇప్పుడు పెళ్ళిపత్రిక భోజనాలయ్యాక అందేలా పంపి కక్ష తీర్చుకుంటారు. నాగరికత అంటే ఇదే అనుకుంటాను.

మాది కిరాణా కొట్టు. ఉప్పుకూ చింతపండుకూ రెండు వర్గాలూ మా దగ్గరికే రావాలి. నేను బెంగళూరులో ఏదో ఉద్యోగం చేస్తూ, లాక్‌డౌన్‌లో ఇంటికి వచ్చి, కొట్టులో కూర్చుని ఫోను చూసుకుంటున్నాను. అప్పుడే ఎన్నికలు వచ్చాయి. లింగప్ప మనిషి నిలబడితే ఉరుకుందప్ప ఊరుకోడు, ఉరుకుందప్ప మనిషి నిలబడితే లింగప్ప ఊరుకోడు. ఎవరికీ గట్టిగా పగ పుట్టించనివాడు ఒకడు కావలసి వచ్చాడు.

లింగప్ప ఉదయం కొట్టుకు వచ్చి మా నాయనను అడిగాడు.

"మీ చిన్నశెట్టిని సర్పంచి చేద్దామనుకుంటాండాము."

"మావోనికి ఏమీ తెల్దప్పా," అన్నాడు నాయన.

"అందుకే అడుగుతాండా," అన్నాడు లింగప్ప.

సాయంత్రం ఉరుకుందప్ప వచ్చి అదే మాట అడిగాడు. నాయన అదే జవాబు చెప్పాడు. ఉరుకుందప్ప కూడా అదే అన్నాడు. ఆ ఇద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన సందర్భం మా ఊరి చరిత్రలో అదొక్కటే. నా మీద అంత నమ్మకం నాకే లేదు.

మొదటి పాఠం: వెలిగిన దీపం

సర్పంచి పని అంటే రోడ్లు, నీళ్ళు, దీపాలు అని బెంగళూరులో ఉన్నప్పుడు అనుకునేవాణ్ణి. కాదు. రోడ్డు వల్ల ఎవరి మర్యాద పోయింది, నీళ్ళ వల్ల ఎవరి మర్యాద నిలిచింది అని తేల్చడం. రోడ్డూ నీళ్ళూ మధ్యలో వచ్చి పోతుంటాయి.

పదవిలోకి వచ్చిన కొత్తలోనే లింగప్ప తన ఇంటి ముందు వీధి దీపం వెలగడం లేదని ఫిర్యాదు చేశాడు. వారం తిరక్కుండా వెలిగించాను. మా మండలంలో అదొక రికార్డు. పొగుడుతాడనుకుని కాలరు సర్దుకుని కూర్చున్నాను.

"ఆ లైటు ఎవురు ఎయ్యమన్యారు?" అంటూ వచ్చాడు.

"నువ్వే గదా చెప్పింది."

"ఎలగలేదని చెప్తి. ఎలిగించమని చెప్తినా? నా ఇంటికి ఎవురొస్తాండారో, ఎవురు పోతాండారో ఇప్పుడు ఉరుకుందప్ప మిద్దె మీద నుంచి లెక్కేసుకుంటాండాడు."

మళ్ళీ పీకించాను. లింగప్ప మర్నాడే అందరికీ చెప్పాడట, తన ఇంటి ముందు దీపం కూడా వెయ్యలేని సర్పంచి అని. వెలగని దీపం ఆయనకు కావలసిన వస్తువు. దాని మీద ఏటా ఫిర్యాదు చేసుకోవచ్చు.

కుర్రాళ్ళూ, ఇది గుర్తుంచుకోండి. జనం ఏదైనా అడిగితే, అది వచ్చాక దానితో ఏం చేసుకుంటారో అడగండి. నేను గుర్తుంచుకోలేదు. అందుకే మిగతాదంతా జరిగింది.

అవ్వ కోళ్ళు

నా హయాంలో వచ్చిన పెద్ద పని తారు రోడ్డు. పెద్ద రోడ్డు నుంచి ఊళ్ళోకి, వీధి పొడుగునా, లింగప్ప ఇంటి ముందున్న మైదానం దాకా వేశారు. బస్సు తిరగడానికి ఊళ్ళో చోటున్నది ఆ మైదానంలోనే కాబట్టి స్టాపు కూడా అదే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆదోని బస్సు వచ్చేది. నడిపేది మౌలాలి అన్న. రోడ్డు పడిన మొదటి రోజు ఆయన కిటికీలోంచి తల బయట పెట్టి, "శెట్టి భాయ్, పాలకోవా మాదిరి ఉండాది రోడ్డు," అన్నాడు. నాకు దక్కిన పొగడ్త ఇదొక్కటే కాబట్టి రాస్తున్నాను.

రోడ్డు పడిన నెలకు ఓబుళమ్మవ్వ కొట్టుకు వచ్చింది. అవ్వ ఇల్లు వీధికి సరిగ్గా నడుమ. మోకాళ్ళు పోయినా నోరు బాగా పనిచేసే మనిషి. కొడుకు వీరేశు కూలి పని చేస్తాడు, మనవరాలు రేణుక ఆదోనిలో డిగ్రీ ఆఖరి ఏడు.

"అబ్బీ, ఆ మోటరు బండ్లోళ్ళు నా కోళ్ళను తొక్కేస్తాండారు. ఇంటి కాడ ఒక బ్రేకరు ఎయ్యి," అంది.

బస్సు వెనుక వచ్చే కుర్రాళ్ళ వేగం నేనూ చూస్తున్నాను. స్పీడ్‌బ్రేకరే కదా, పోయేదేముంది అనుకున్నాను. మిగిలిపోయిన కంకర, సిమెంటు కలిపి ఒకటి వేయించాను. అవ్వ దానికి పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టింది. నాకు రెండు చిప్పల్లో చిన్నది ఇచ్చింది.

మూడో రోజు ఉరుకుందప్ప వచ్చాడు.

"అవ్వకి ఏసినావు. సంతోషం. మాకి ఎప్పుడు?"

"మీకెందుకు మామా? మీ ఇంట్లో కోళ్ళు లేవు గదా."

"పిల్లోళ్ళు ఉండారు."

"మీ పిల్లోళ్ళు హైదరాబాదులో ఉద్యోగం చేస్తాండారు."

"పండక్కి రారా?"

వేశాను. ఆయనకు వేస్తే లింగప్పకు వెయ్యాలి. లింగప్ప ఇల్లు వీధి చివర, రోడ్డు అయిపోయే చోట. అక్కడికి ఎవరైనా వేగంగా వస్తే సరాసరి ఆయన ఇంట్లోకి పోవడమే. ఆ మాటే అన్నాను.

"అందుకే ఎయ్యమంటాండా," అన్నాడు. "అది కూడా ఉరుకుందప్ప దానికంటే ఒక బెత్తెడు ఎత్తు ఉండల్ల."

బస్సు తిరిగే చోట, బెత్తెడు ఎక్కువ ఎత్తులో, మా మండలంలోకెల్లా పొడుగాటి బ్రేకరు వెలిసింది. ప్రారంభోత్సవంలో లింగప్ప తన స్కూటరు మీద మొదట తానే దాటుతానన్నాడు. స్కూటరు దాని మీద ఎక్కి, ముందు చక్రం అవతల, వెనుక చక్రం ఇవతల, నడుమ ఆయన, గాలిలో ఆగిపోయారు. ఇద్దరు పట్టి దించారు. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక జనం నావైపు చూశారు. నేను కొట్టాను.

ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ లేదు. ఒకాయన చూడి బర్రె ఉందన్నాడు. ఒకాయన తన ఇంటి ముందు బ్రేకరు లేకపోతే వియ్యంకుల ముందు తలెత్తుకోలేనన్నాడు. కొందరు నన్ను అడగడం కూడా మానేసి, నేను భోజనానికి పోయి వచ్చేలోపు సొంతంగా కట్టుకున్నారు. లెక్కపెట్టడం మానేశాను. పక్క ఊళ్ళవాళ్ళు నాకు బ్రేకర్ల సర్పంచి అని పేరు పెట్టారు. మా నాయన పప్పులు తూస్తూ ఒకరోజు అడిగాడు.

"మన కొట్టు ముందర ఏమన్నా ఏసుకుంటాండామా?"

"లేదు నాయనా."

"మంచిది. నూనె డబ్బాలు దించుకునేకి ఒక జాగా అన్నా మిగిలింది."

బస్సు అలిగింది

ఒక ఉదయం బస్సు రాలేదు. సాయంత్రమూ రాలేదు. మర్నాడు నేను పెద్ద రోడ్డు క్రాసు దగ్గర కాపు కాశాను. మౌలాలి అన్న అక్కడే బస్సు ఆపుకుని టీ తాగుతున్నాడు.

"ఏమన్నా, ఊర్లోకి రావా?"

"నేను డ్రైవర్‌ను భాయ్. మీ ఊర్లో బస్సు నడిపేది లే, గుర్రం తోలేది. కండక్టరు నడుముకు పట్టీ కట్టుకున్యాడు. మొన్న లింగప్ప ఇంటికాడ తిప్పుకుంటాంటే బస్సు కడుపు ఆ గట్టుకు తగిలి, కింద నుంచి ఏందో ఊడి పడె. మెకానిక్ వచ్చి ఏమన్యాడో తెల్సా? ఏ చెరువులోకి తోలినావు అన్యాడు."

"డిపో పెద్దసారుతో మాట్లాడతా."

"మాట్లాడు. పెద్దసారు చెప్పేది కూడా అదే. గట్లు తీసెయ్యి, బస్సు వస్తాది. తియ్యకుంటే ఈ క్రాసు వరకే."

డిపో సారు నిజంగానే అదే చెప్పారు. ఆయన తప్పేమీ లేదు. నేను ఆయన స్థానంలో ఉంటే ఇంకా ముందే ఆపేసేవాణ్ణి.

ఆ సాయంత్రం రేణుక కొట్టుకు వచ్చింది. మూడు కిలోమీటర్లు నడిచి వచ్చినట్టు చెప్పులు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. ఎప్పుడూ నన్ను ఆటపట్టించే పిల్ల. ఆ రోజు తూకం పళ్ళెం వైపు చూస్తూ మాట్లాడింది.

"అన్నా, సోమవారం గుంటూరు పొయ్యేకి కూలోళ్ళ మేస్త్రి బండి వస్తాండాది. మా నాయన నన్ను గూడ ఎక్కమంటాండాడు."

"కాలేజి?"

"క్రాసు కాడికి ఆడపిల్ల ఒక్కటే నడిచి పోవద్దంటాండాడు. పొద్దు గుంకినాక ఆ పత్తి చేన్ల నడుమ ఎట్లొస్తావు అంటాండాడు. బస్సు వస్తే చదువుకో, రాకుంటే మిరపకాయలు కొయ్యి అన్యాడు. ఇంగ నాలుగు నెలలు పోతే డిగ్రీ అయిపోతాది. మిరప్పండ్లు కూడా నాలుగు నెలలే."

"నేను మీ నాయనతో మాట్లాడతా."

"మా నాయనతో ఏం మాట్లాడతావు? బ్రేకర్లు కట్టింది ఆయప్పా?"

వేరుశనగ పట్టీ ఇచ్చాను. తీసుకోలేదు. అప్పుడు నాకు భయం వేసింది. ఆ పిల్ల వేరుశనగ పట్టీ వద్దనడం నేను ఎన్నడూ చూడలేదు.

ముందు వాళ్ళది

బడిలో ఊరి సమావేశం పెట్టాను. ఎంత అద్భుతంగా జరిగిందంటే, బ్రేకర్లన్నీ తీసేయాలన్న దానికి అందరూ చేతులెత్తారు. నేను ఇంటికి పోయి పడుకోవచ్చనుకున్నాను. అప్పుడు ఉరుకుందప్ప లేచి, ముందు లింగప్పది తియ్యండి అన్నాడు. బస్సుకు తగిలింది అదే కదా అన్నాడు. అది నిజమే. లింగప్ప లేచి, ఊర్లోకి వచ్చేటప్పుడు ముందర ఎదురయ్యేది ఉరుకుందప్పదే కాబట్టి అది ముందు తియ్యండి అన్నాడు. అదీ నిజమే. రెండు నిజాలు ఎదురెదురుగా నిలబడితే సర్పంచికి మిగిలేది మంచినీళ్ళు తాగడమే. తాగాను.

రెండు చివర్ల నుంచీ ఒకేసారి మొదలుపెట్టి నడుమకు వద్దామన్నాను. అయితే ఓబుళమ్మవ్వది ఆఖరున మిగులుతుంది, తీస్తారో లేదో ఎవరు చూశారు, అని రెండు వర్గాలూ అన్నాయి. నడుమ నుంచి మొదలు పెడదామన్నాను. అప్పుడు అవ్వ లేచింది.

"ఊర్లో మొదట ఏయించుకున్యది నేను. నాది తియ్యల్లంటే నన్ను కూడ తియ్యల్ల."

పక్కనే కూర్చున్న రేణుక అవ్వ వైపు చూసిన చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. అవ్వ చూడనట్టు కొంగు సర్దుకుంది.

మా మండలం ఇంజనీరు సారుకు ఫోను చేశాను. మనుషుల్ని, యంత్రాన్ని పంపి అన్నీ ఒకే పూట పెరికించమని అడిగాను.

"మీ వీధిలో స్పీడ్‌బ్రేకర్లు లేవండీ," అన్నాడు ఆయన.

"సార్, నేను దాని మీదే నిలబడి మాట్లాడుతున్నాను."

"మా లెక్కలో లేవు. లేనివాటిని పెరకడానికి మనుషుల్ని ఎలా పంపను? మీరు ముందు అవి ఉన్నాయని రాసివ్వండి. అనుమతి లేకుండా ఎవరు కట్టారని అడుగుతాను. అప్పుడు మీరు ఏం రాస్తారో చూసుకోండి."

తెలివైన మనిషి. అలాంటి అధికారి ఎదురైతే కోప్పడకండి. ఫోను పెట్టేసి వేరే దారి చూసుకోండి.

కోళ్ళు ఎక్కడ

శుక్రవారం అవ్వ ఇంటికి పోయాను, బతిమాలుకోవడానికి. అవ్వ గడప దగ్గర కూర్చుని ఎర్రగడ్డలు, అంటే ఉల్లిపాయలు, ఒలుస్తోంది. కాసేపు వానల గురించి మాట్లాడుకున్నాం. మా వైపు అది చిన్న సంభాషణే. అప్పుడు నాకు వాకిలి మరీ శుభ్రంగా కనిపించింది. ఒక ఈక లేదు, ఒక రెట్ట లేదు.

"అవ్వా, నీ కోళ్ళు యాడ?"

"కోళ్ళు యాడివిరా నాకి?"

"మరి బ్రేకరు కోళ్ళ కోసరమంటివి."

అవ్వ ఎర్రగడ్డ పొట్టు ఊదుకుంది. "నేను మోకాళ్ళ సూదికి ఆదోని పోవల్లంటే యాడ ఎక్కల్ల బస్సు?"

"లింగప్ప ఇంటికాడ. స్టాపు ఆడే గదా."

"ఆడిదాకా నేను నడవలేను, అది ఒకటి. నడిచినా, మేము ఉరుకుందప్ప దిక్కు మనుషులము. లింగప్ప అరుగు ముందర నిలబడితే, ఆయప్ప పెండ్లాము యాడికి పోతాండావు, ఎందుకు పోతాండావు, ఎవురు బాగలేరు అని అడుగుతాది. చెప్పకుంటే పొగరంటారు. చెప్తే ఊరంతా తెలుస్తాది. అదే నా వాకిట్లో గట్టు ఉంటే, బస్సు మెల్లగయితాది. కమ్మీ పట్టుకుని ఎక్కేస్తా. ఎవురినీ అడిగే పనిలే."

నేను ఎర్రగడ్డల వల్ల కాకుండానే కళ్ళు నులుముకున్నాను. వీధి మొత్తం నా ముందు తిరిగింది. చూడి బర్రె, పండగకు వచ్చే పిల్లలు, వియ్యంకులు. ఎవరికీ వేగం తగ్గించడం అక్కర్లేదు. రోడ్డు వైపు ఉన్నవాళ్ళకు లింగప్ప అరుగు ముందు నిలబడకుండా బస్సు ఎక్కాలి. లింగప్ప దిక్కువాళ్ళకు, అవతలివాళ్ళు ఇంటి ముందే ఎక్కుతుంటే తాము స్టాపు దాకా నడవడం నామోషీ. నేను వీధి నిండా కట్టింది బ్రేకర్లు కాదు, బస్‌స్టాపులు.

"ఈ మాట అప్పుడే చెప్పరాదా అవ్వా?"

"నిజం చెప్పింటే ఏసిండేటోడివా?"

వేసేవాణ్ణి కాదు. కోళ్ళకు ఉన్న విలువ అవ్వ మోకాళ్ళకు నా దగ్గర ఉండేది కాదు. ఇది నాకు నచ్చిన విషయం కాదు గానీ, రాస్తానన్నాను కాబట్టి రాస్తున్నాను.

శనివారం క్రాసు దగ్గరికి పోయి మౌలాలి అన్నను అడిగాను, గట్లు తీసేస్తే ఎవరి వాకిట్లో వాళ్ళు చెయ్యెత్తితే ఆపుతావా అని.

"అరే భాయ్, ఈ మాటకా ఇంత రోడ్డు పాడు చేసుకున్యారు? ఆపుతా. రోడ్డు మీద ఒక తెల్ల గీత ఎయ్యి. గీత యాడుంటే ఆడ ఆపుతా. కానీ గీత ఎత్తుగా ఉండకూడదు."

గడ్డపారల ఆదివారం

గీతకు అందరూ ఒప్పుకున్నారు. లింగప్ప తన గీత పసుపు రంగులో ఉండాలన్నాడు, సరేనన్నాను. మిగిలింది పాత చిక్కే. ఎవరిది ముందు? చివరికి ఇలా తేల్చాం: ఎవరి బ్రేకరును వాళ్ళే, అందరూ ఒకే క్షణంలో పగలగొట్టాలి. బడి డ్రిల్లు సారు దగ్గర ఈల తెచ్చుకున్నాను. ఈల వేస్తే మొదటి దెబ్బ.

ఆదివారం ఉదయం వీధి పొడుగునా, ఇంటికొకరు, గడ్డపారలతో నిలబడ్డారు. అవ్వ తరఫున రేణుక నిలబడింది. అవ్వ గడపలో కూర్చుని సలహాలిస్తోంది. నేను నడుమ నిలబడి ఈల వేశాను.

గడ్డపారలన్నీ లేచాయి. ఏదీ దిగలేదు.

ఒకరినొకరు చూసుకుంటున్నారు. ముందు దించినవాడు ఓడిపోయినట్టే కదా. మళ్ళీ ఈల వేశాను. ఇంకొంచెం పైకి లేచాయి.

"శెట్టీ, ముందు ఆయప్పను దించమను," అని ఆ చివర నుంచి లింగప్ప అరిచాడు.

"నాకేం తొందర లేదు," అని ఈ చివర నుంచి ఉరుకుందప్ప అన్నాడు. గడ్డపార బరువుకు ఆయన ఒక పక్కకు ఒరిగిపోతున్నాడు.

సరిగ్గా అప్పుడే పోలీసు జీపు వచ్చింది. మా స్టేషనుకు కోస్తా నుంచి కొత్తగా వచ్చిన ఎస్సై, కుర్రవాడు, వేరే ఊరికి పోతూ దారి అడగడానికి ఇటు తిరిగాడట. మా సీమ గురించి ఆయనకు తెలిసింది సినిమాల్లో చూసింది. ఇప్పుడు ఆయన కళ్ళ ముందు వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఇనుము పైకెత్తిన జనం, నడుమ ఈల పట్టుకున్న ఒక నాయకుడు. జీపు ఉరుకుందప్ప బ్రేకరు ఎక్కి ఎగిరి పడింది. దానితో ఆయనకు అనుమానం తీరిపోయింది. దూకి, తుపాకీ మీద చెయ్యి వేసి అరిచాడు.

"అందరూ కింద పడెయ్యండి. వెంటనే."

ఇంత స్పష్టమైన ఆదేశం మా ఊరికి ఎన్నడూ రాలేదు. గడ్డపారలన్నీ ఒక్కసారే పడ్డాయి. కాళ్ళ దగ్గర ఉన్నది బ్రేకర్లే కాబట్టి వాటి మీదే పడ్డాయి. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

తర్వాత లింగప్ప వంగి చూసుకున్నాడు. ఒక పెచ్చు లేచింది. ఈ చివర ఉరుకుందప్ప చూసుకున్నాడు. ఒక పెచ్చు లేచింది. ఎవరూ ముందు కాదు, ఎవరూ వెనుక కాదు.

"పోలీసోళ్ళు చెప్పినాక ఇంగ ఏం చేస్తాము?" అన్నాడు లింగప్ప, ఎంతో బాధగా, గడ్డపార తీసుకుని పెచ్చు పక్కన ఇంకో దెబ్బ వేస్తూ.

"గవర్నమెంటు మాట," అని ఉరుకుందప్ప కూడా దెబ్బలు మొదలుపెట్టాడు.

ఎస్సై నా దగ్గరికి వచ్చాడు. "ఏం జరుగుతోందండీ ఇక్కడ? ఈ గొడవ దేనికి?"

"బస్సు కోసమండీ."

మొత్తం చెప్పాను, కోళ్ళతో సహా. చెబుతున్నకొద్దీ నాకే నమ్మకం తగ్గింది. ఆయన టోపీ తీసి తుడుచుకుని జీపు వైపు నడవబోయాడు. అవ్వ గడపలోంచి పిలిచింది.

"సారూ, ఇంగ రొంతసేపు నిలబడు నాయనా. నువ్వు పోతే మళ్ళీ ఆపుతారు."

ఆయన నిలబడ్డాడు. రేణుక లోపలికి పోయి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. పోలీసు బందోబస్తులో మధ్యాహ్నానికి వీధి చదునైంది. సాయంత్రానికి గీతలు వేశాం. లింగప్ప పసుపు గీత మిగతావాటి కంటే బెత్తెడు వెడల్పుగా ఎలా వచ్చిందో నాకు తెలియదు.

సోమవారం

బస్సు వచ్చింది. లింగప్ప ఇంటి దగ్గర తిరిగింది. నేను కూడా ఎక్కాను, ఈ గీతల వ్యవహారం ఎలా నడుస్తుందో చూద్దామని. అవ్వ గీత దగ్గర మౌలాలి అన్న ఆపాడు. రేణుక ఎక్కి వెనక సీటులో కూర్చుంది. అవ్వ అక్కడే నిలబడి, ఇది నేను ఏయించిన స్టాపు అని కండక్టరుకు చెప్పింది.

బస్సు వెనకాలే మేస్త్రి బండి కదిలింది. వీరేశు, ఆయన పెండ్లాము, ఇంకా కొందరు మూటల మీద కూర్చున్నారు. ఇంటికాడ చెప్పుకోవలసినవన్నీ చెప్పుకున్నారు. తల్లి కళ్ళు తుడుచుకోవడం కూడా అయిపోయింది. అలాంటి వేళ బండి దూసుకుపోతే బాగుండేది.

కానీ ముందు బస్సు ఉంది. బస్సు తర్వాతి గీత దగ్గర ఆగింది. వెనుక బండి ఆగింది. తల్లీ కూతురూ వెనుక అద్దంలోంచి ఒకరినొకరు చూసుకున్నారు. మళ్ళీ ఏడవాలా వద్దా అని ఇద్దరికీ తెలియలేదు.

"తాళం చెవి అవ్వకి ఇయ్యి," అని తల్లి బండి మీద నుంచి అరిచింది.

తర్వాతి గీత. "అవ్వను సూదికి శనివారం తీసకపో."

తర్వాతి గీత. వీరేశు అన్నాడు: "ఫోను కాస్త పక్కన పెట్టి చదువుకో."

"సరే నాయనా, పోండి ఇంగ," అంది రేణుక కిటికీలోంచి తల బయట పెట్టి, నవ్వలేక, ఏడవలేక.

"ఎట్ల పోవల్ల? మీ బస్సు పోనిస్తే గదా."

ప్రతి గీత దగ్గరా ఒకరు చెయ్యెత్తారు. ఎక్కడానికి పనిలేనివాళ్ళు కూడా ఎత్తారు, ఆగుతుందా లేదా చూడటానికి. బస్సు గట్ల మీద ఎంతసేపు పోయేదో గీతల మీదా అంతసేపే పోయింది. రేణుక నా వైపు తిరిగి, "అన్నా, నడిచింటే ఈ పాటికి కాలేజిలో ఉంటాంటి," అంది. అప్పుడు నా మనసు కుదుటపడింది. వేరుశనగ పట్టీ తీసి ఇచ్చాను. తీసుకుంది.

ఐదేళ్ళలో నేను చేసిన పని ఇది. రోడ్డు వేశాను, పాడు చేశాను, మళ్ళీ ఎలా ఉండేదో అలా చేశాను. మీరు సర్పంచులయ్యాక ఇంకా మంచిగా చేస్తారేమో, నాకు తెలియదు.

ఆఖరి గీత ఉరుకుందప్పది. అక్కడ బస్సు ఆగినప్పుడు బండి మీద ఎవరికీ చెప్పడానికి ఏమీ మిగల్లేదు. తల్లి ఊరికే కూతుర్ని చూస్తూ కూర్చుంది. ఉరుకుందప్ప చెయ్యెత్తి, ఎక్కకుండా, మీసం సవరించుకుని లోపలికి పోయాడు. మౌలాలి అన్న ఏదో అనబోయి అద్దంలోంచి వెనుక బండిని చూశాడు. గేరు వెయ్యకుండా ఇంకొంచెంసేపు అక్కడే ఆపి ఉంచాడు.